టెంప్ ఫోల్డర్‌లో మిగిలిన ఫొటో

2024 చివర్లో, చలి ముదురుతున్న రోజుల్లో, జగర్గుండా నుంచి రాములు ఫోన్ చేశాడు. "సారూ, కంప్యూటర్ నిండిపోయింది. ఏది నొక్కినా కదుల్తలేదు. రేపు సంత, జనం వస్తరు. ఎట్లనన్న రావాలె" అన్నాడు. ఇలాంటి ఫోన్లు వస్తే నాకు ముందుగా గుర్తొచ్చేది నడుంనొప్పి. బచేలి నుంచి జగర్గుండాకు ఇప్పుడు మంచి రోడ్డే పడింది కానీ నా బండి పాతది, నా నడుం అంతకంటే పాతది. దారిలో పోలీసు క్యాంపుల దగ్గర ఆపి సంచీ విప్పమంటారు. సంచీ నిండా వైర్లే. వైర్లతో తిరిగే మనిషిని ఆ దారిలో ఎవరూ ఊరికే పోనివ్వరు. కంప్యూటర్ రిపేరు అని హిందీలో చెప్పి, గోండిలో చెప్పి, చివరికి షాపు కార్డు చూపించాక గాని వదలరు. తెల్లారే బయల్దేరితే సంత మొదలయ్యే వేళకు చేరాను.

నాది బచేలిలో చిన్న కంప్యూటర్ రిపేరు షాపు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇనుపగనిలో పనికి వచ్చి, కంపెనీ క్వార్టర్లలోనే రిటైరయ్యాడు. నేను పుట్టింది, పెరిగింది అక్కడే. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజార్లో హల్బీ. గోండి అర్థమవుతుంది, నేను మాట్లాడితే మాత్రం ఎదుటివాళ్లు నవ్వుతారు. బచేలి కంప్యూటర్ విప్పితే లోపల గని ఎర్రదుమ్ము ఉంటుంది, లోపలి ఊళ్ల కంప్యూటర్ విప్పితే చీమలుంటాయి. జబ్బు మాత్రం చాలావాటికి ఒకటే, డిస్క్ నిండిపోవడం.

ఈ జబ్బు సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఏ ప్రోగ్రాం అయినా పనిచేసేటప్పుడు తన అవసరానికి కొన్ని చిత్తు కాపీలు రాసుకుంటుంది. వాటిని టెంపరరీ ఫైల్స్ అంటాం, అవి చేరే చోటు టెంప్ ఫోల్డర్. కూర తరిగితే గట్టు మీద తొక్కలు పడినట్టే. వంట అయ్యాక వంటచేసినవాళ్లే ఊడ్చుకోవాలి. మంచి ప్రోగ్రాం మూసేటప్పుడు తన చిత్తు తానే తుడుచుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే తుడుచుకునే వ్యవధి ఉండదు. చిత్తు అక్కడే మిగిలిపోతుంది. కరెంటు వచ్చాక ప్రోగ్రాం మళ్లీ కొత్త చిత్తు మొదలుపెడుతుంది తప్ప పాతదాని జోలికి పోదు. మా వైపు కరెంటు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు మా కంప్యూటర్లలో టెంప్ ఫోల్డర్ ఎలా ఉంటుందో విడిగా చెప్పనక్కర్లేదు.

రాములుది చర్ల దగ్గర పల్లె. గొడవల్లో ఏళ్ల తరబడి మూసుకుపోయిన జగర్గుండా దారులు తెరుచుకుని, సంతకు మళ్లీ మనుషులు రావడం మొదలయ్యాక వచ్చి, బజారు చివర రేకుల గదిలో ఛాయిస్ సెంటర్ పెట్టాడు. ఆధార్‌లో పేరు దిద్దడం, రేషన్, పింఛన్, జాతి ప్రమాణపత్రం, ధాన్యం అమ్ముకునే రిజిస్ట్రేషన్, పాస్‌పోర్ట్ ఫొటో, అన్నీ ఆ ఒక్క కంప్యూటర్ మీదే. ఫొటో తీసే ఏర్పాటు చూస్తే నవ్వొస్తుంది. ఒక స్టూలు, దాని వెనక రేకు గోడ కనబడకుండా ఒక తెల్లగుడ్డ. గుడ్డకు ఒక పక్క మేకు ఉంది. రెండో పక్క మేకు ఎప్పుడో ఊడిపోయింది. అందుకని ఫొటో దిగే మనిషితో వచ్చినవాళ్లు ఎవరో ఆ కొస పట్టుకుని నిలబడాలి. మేకు కొట్టించవయ్యా అని నేను అన్నప్పుడల్లా "కొడ్త సారూ" అంటాడు. బ్యాటరీ చచ్చిపోయిన యూపీఎస్ గురించి చెప్పినా అదే జవాబు.

ఇంకో సంగతి. ఎవరో ఆయనకు, ఫొటోలు సేవ్ చేసి పెట్టుకుంటే డిస్క్ నిండుతుంది అని చెప్పారట. అప్పటినుంచి రాములు ఏదీ సేవ్ చేయడు. ఫోన్‌తో ఫొటో తీస్తాడు, వైరు పెట్టి ఒక పాత ఫొటో ప్రింటింగ్ ప్రోగ్రాంలో తెరుస్తాడు, ముఖం వరకు కత్తిరించి ప్రింట్ ఇస్తాడు. సేవ్ చేయాలా అని ప్రోగ్రాం అడిగితే వద్దంటాడు. ఫోన్‌లోంచి కూడా తీసేస్తాడు. ఇంత నిష్ఠగా ఉన్నా డిస్క్ నిండింది. ఆయన బాధ అదే.

"నేనేమీ దాచుకోలే సారూ. మరి ఏంది నిండేది?" అన్నాడు నేను కూర్చోగానే.

"నువ్వు దాచుకోలేదు. అది దాచుకుంది" అన్నాను.

సి డ్రైవ్ గీత ఎర్రగా ఈ చివరి నుంచి ఆ చివరికి పాకిపోయి ఉంది. ముందు అన్ని ప్రోగ్రాంలూ మూసి కంప్యూటర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేశాను. వాడకంలో ఉన్న ఫైలును తుడవకూడదు, అది మొదటి జాగ్రత్త. ఆ తర్వాత డిస్క్ క్లీనప్. ఇది విండోస్‌తో పాటే వచ్చే పనిముట్టు, ఏమేం తుడవాలో వరసగా చూపించి టిక్కు పెట్టమంటుంది. చాలామంది ఇక్కడే కొంప ముంచుకుంటారు. ఉన్న గళ్లన్నింటికీ టిక్కు కొట్టేస్తారు. కొన్ని కంప్యూటర్లలో ఆ వరసలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది. జనం తెచ్చిచ్చిన స్కాన్ కాగితాలన్నీ ఉండేది అందులోనే. రీసైకిల్ బిన్ కూడా అంతే, అడగకుండా ఖాళీ చేయకూడదు. పక్క ఊరి దుకాణం అతను చెప్పాడని రాములు ఒక క్లీనర్ ప్రోగ్రాం దింపుకుని ఉన్నాడు. "అది వాడావా?" అంటే "తెరుసుకోలే సారూ, జాగా లేదన్నది" అన్నాడు. దాన్ని తీసేశాను.

క్లీనప్‌లో టెంపరరీ ఫైల్స్ గడికి మాత్రం టిక్కు పెట్టలేదు, వాటిని నేను చేత్తోనే తుడుస్తాను. చివరికి రాములు సొంత టెంప్ ఫోల్డర్ తెరిచాను. చుట్టపుచూపుగా వచ్చి మకాం వేసినవాళ్లలా పాత ఫైళ్లు వరస కట్టి ఉన్నాయి. చాలావరకు ఆ ఫొటో ప్రోగ్రాం వదిలిపెట్టినవే. పేర్లు ఉండవు, అంకెలు, చివర టీఎంపీ అనే తోక. రూలు ప్రకారం వాటిని తుడిచేయవచ్చు. ఏ ప్రోగ్రాంకీ వాటితో పని లేదు. ఇవాళ్టివి పక్కనబెట్టి మిగతావన్నీ ఎంచుకున్నాను. బయట జనం పెరుగుతున్నారు. వడ్ల మూటలు గుమ్మం దగ్గరే దించేసి కూర్చున్నారు. నాకు పొద్దుగూకక ముందే దారి పట్టాలని ఉంది. తుడిచి, చాయ్ తాగి వెళ్లిపోదామనుకున్నాను.

అప్పుడు ఒకామె వరస దాటుకుని లోపలికి వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు. పామేడు వైపు పల్లె నుంచి వచ్చిందని, పేరు సమ్మక్క అని తర్వాత తెలిసింది.

"అన్నా, మా ఆయన ఫొటో కావాలె" అంది రాములుతో.

"కంప్యూటర్ బంద్ ఉన్నది అక్కా. జరసేపాగి ఆయన్ని తోలుకరా, తీస్త."

"ఆయన లేడన్నా. వానల్ల జెరమొచ్చి పోయిండు."

రాములు లేచి ఆమెకు స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. కోతలయ్యాయి, ఇక రాయి నిలబెట్టాలి. వాళ్ల వైపు చనిపోయినవాళ్ల పేరుమీద ఊరి దారి పక్కన రాయి నిలబెడతారు. ఈమధ్య ఆ రాతికి రంగులతో బొమ్మ వేయిస్తున్నారు. మనిషిని వేస్తారు, పక్కన ఆయన సైకిలో, పందెం కోడో, ఏది ఇష్టమైతే అది.

"బొమ్మలేసేటాయన మొఖం చూపియ్యమన్నడు. చూపియ్యకుంటే ఆయనకొచ్చిన మొఖమే ఏస్తడంట. అందరికీ అదే ఏస్తడు. మా ఊర్ల నాలుగు రాళ్ల మీద ఒక్కడే ఉన్నడు" అంది.

"ఆధార్ ఉంటది గద?"

"ఉన్నది, చూడు." కవరులోంచి కార్డు తీసింది. వానకు తడిసి ఆరిన కాగితం, ముఖం ఉండాల్సిన చోట బొగ్గు పులిమినట్టు మచ్చ. "ఇండ్ల మా ఆయన లేడు. ఎవరో దొంగను పట్టుకొచ్చి కూసోబెట్టిన్రు."

బయట కూర్చున్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వి ఊరుకుంది.

"మొన్న ఎండల మొదట్ల నీ దగ్గరే తీయించినం. నువ్విచ్చినవన్నీ కాయితాలకు అంటిచ్చి ఇచ్చేసినం. బ్యాంకుల ఒకటి, సొసైటీల ఒకటి. ఇంట్ల ఒక్కటి లేదు. ఆయన ఫోన్ బటన్ల ఫోన్."

"అక్కా, నేను ఏ ఫొటో ఉంచ. సేవ్ చెయ్య" అన్నాడు రాములు. చెబుతుంటే ఆయన గొంతు తగ్గింది. మళ్లీ నా వైపు తిరిగి, "సారూ, నువ్వు కానియ్. జనం ఆగుతున్నరు" అన్నాడు.

"కంప్యూటర్ల పెట్టింది పోదంటరు గద?" అంది ఆమె. ఈసారి నన్నే అడిగింది.

నిజం చెప్పాలంటే నాకు విసుగొచ్చింది. ఆమె మీద కాదు. ఈ మాట ఇన్నేళ్లలో ఎందరి నోట విన్నానో. డిస్క్ కాలిపోయినా, పెన్‌డ్రైవ్ బావిలో పడినా, లోపల ఎక్కడో ఉంటుంది గదా సారూ అంటారు. ఉండదమ్మా, పోయింది అని చెప్పే పని ఎప్పుడూ నాకే పడుతుంది. డాక్టరుకైతే ఆ మాట చెప్పడం నేర్పిస్తారేమో, నాకు ఎవరూ నేర్పలేదు. తల అడ్డంగా ఊపి కీబోర్డు మీద చెయ్యి పెట్టాను. షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కితే ఫైళ్లు రీసైకిల్ బిన్‌కి కూడా పోకుండా నేరుగా పోతాయి.

ఆమె గుమ్మం దాకా వెళ్లి, రాములు వైపు తిరిగి నిష్ఠూరంగా అంది. "ఆ రోజు గూడ గిట్లనే సతాయించినవన్నా. ఒకసారి తీసినవ్, కరెంటు పోయింది. తిని రాపోండ్రి అన్నవ్. వచ్చినంక మల్ల కూసోబెట్టి ఇంకోటి తీసినవ్."

నేను కీబోర్డు మీది నుంచి చెయ్యి తీసేశాను.

"ఏటమ్మా, కరెంటు ఎప్పుడు పోయింది? ఫొటో తీశాకా, ముందా?"

"తీసినంక. కంప్యూటర్ల ఆయన మొఖం పెద్దగ కనపడ్డది. అందరం చూసినం. అప్పుడు పోయింది."

రెండోసారి తీసిన ఫొటో ప్రింట్ అయింది, సేవ్ అంటే రాములు వద్దన్నాడు, ప్రోగ్రాం తన చిత్తు తుడుచుకుని మూసుకుంది. అది ఎక్కడా లేదు. మొదటిది మాత్రం ప్రోగ్రాం తెరిచి ఉండగానే కరెంటు పోయింది. తుడుచుకునే వ్యవధి దొరకలేదు. అంటే దాని చిత్తు కాపీ నేను ఎంచుకుని పెట్టుకున్న ఈ గుంపులోనే ఉండాలి. ఉంటే. కరెంటు పోయేటప్పుడు సగం రాసిన ఫైలు అయితే తెరుచుకోదు కూడా. అందుకని ఆమెకు ఆశ పెట్టలేదు.

"ఏ రోజో గుర్తుందా?" అన్నాను.

"రోజు ఎట్ల గుర్తుంటది సారూ. ఇప్పపువ్వు ఎండినంక తొలిసారి సంతకు తెచ్చినం. ఆ రోజే."

నాకు అది చాలు. మార్చి ఆఖరు, ఏప్రిల్. రాములుకు చెప్పాను, ఇంకాస్త సమయం పడుతుందని. ఆయన ముఖం చిన్నబోయింది. బయటికి పోయి, జిరాక్స్ పని ఉన్నోళ్లు రండి, కంప్యూటర్ పనోళ్లు సంత చేసుకుని రండి అని కేక వేశాడు. ఎవరో గొణిగారు. ఒక ముసలాయన మాత్రం "ఎతకనీయ్. రాయి పని గద" అన్నాడు. ఆ తర్వాత గొణుగుడు ఆగింది.

టెంప్ ఫోల్డర్ మొత్తాన్ని ముందు నా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. వెతుకులాట ఎప్పుడూ కాపీ మీదే చేయాలి, అసలు మీద కాదు. తేదీల వారీగా పేర్చి, ఇప్పపువ్వు రోజుల ఫైళ్లు విడదీశాను. ఒక్కొక్కదానికీ టీఎంపీ తోక తీసి, ఫొటోకి ఉండే జేపీజీ తోక తగిలించి తెరవాలి. మొదటిది తెరుచుకోలేదు. తర్వాతది తెరుచుకుంది గానీ నుదురు వరకే ముఖం, కింద అంతా బూడిద రంగు. ఆ తర్వాత ముక్కుకు పోగులున్న ఒక ముసలామె, కళ్లు మూసుకున్న ఒక కుర్రాడు, బడి చొక్కాలో ఒక పిల్ల. సమ్మక్క నా వెనక నిలబడి ప్రతి ముఖానికీ తల అడ్డంగా ఊపుతోంది. "ఈ ముసలామె మా వైపు ఆమెనే, బతికే ఉన్నది" అంది ఒకసారి. నా మెడ పట్టేసింది. ఇంక మిగిలినవి కొన్నే. లేదని చెప్పే మాటలు లోపల కూడబలుక్కుంటున్నాను.

ఆ తర్వాత తెరిచిన ఫైలులో ఒకాయన నవ్వుతున్నాడు.

కత్తిరించని ఫొటో. స్టూలు, దాని మీద చారల చొక్కా వేసుకున్న మనిషి, వెనక వేలాడుతున్న తెల్లగుడ్డ, పైన రేకు గోడ కొంచెం. ముఖం కెమెరా వైపు లేదు. ఎడమపక్కకు తిప్పి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. అటు అంచులో గుడ్డ కొస పట్టుకున్న ఒక చెయ్యి, మణికట్టు దాకా, గాజులతో సహా.

ఆమె తెర దగ్గరికి వంగింది. ముందుగా రాములే అన్నాడు. "ఇది పనికి రాదనే మల్ల తీసిన సారూ. సూటిగ చూడకపోతే ఆఫీసోళ్లు తీసుకోరు."

"గుడ్డ దించుతున్నవ్, గదిగూడ చేతగాదా అన్నడు" అంది సమ్మక్క, తెర మీది నుంచి కళ్లు తీయకుండా. "నువ్వే ఒచ్చి పట్టుకో, నేను కూసుంట అన్న. నవ్విండు."

అప్పుడు ఆమె ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కంట్లో దుమ్ము పడిందని చెప్పుకునే వయసు దాటిపోయింది కాబట్టి ఊరికే కూర్చున్నాను.

రాములు అలవాటు కొద్దీ మౌస్ అందుకుని ముఖం చుట్టూ గడి గీశాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "కత్తిరియ్యకు అన్నా."

"రాయికి మొఖమే గద అక్కా కావాల్సింది?"

"రాయికి మొఖమే. బతికున్నోళ్ల చెయ్యి రాయి మీదికి రావొద్దంటరు మా పెద్దలు. రాయికి కత్తిరిచ్చింది ఇయ్యి. నాకు ఇట్లనే ఇయ్యి."

రెండూ ఇచ్చాడు. ఆమె వాటిని ఆధార్ ఉన్న కవరులోనే పెట్టుకుని, బయట ముసలాయనకు ఒకసారి చూపించి వెళ్లిపోయింది. ఆ తర్వాతే టెంప్ ఖాళీ చేశాను. సి డ్రైవ్ గీత నీలంగా మారింది, రాములు వరస పిలవడం మొదలుపెట్టాడు. సేవ్ చేసే ఫొటోల కోసం డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ తయారుచేసి, ఇందులో పెట్టు, ఇక్కడ జాగా ఉంది, నిండితే నేను చూసుకుంటాను అని మరీ మరీ చెప్పాను. "పెడ్త సారూ" అన్నాడు.

దీనినుంచి నేర్చుకున్నదేమిటని అడిగితే నాకు సూటిగా చెప్పడం రాదు. టెంపరరీ ఫైల్స్ తుడవకండి అని చెప్పలేను, తుడవాల్సిందే. వానాకాలంలో రాములు పిలిచి ఉంటే, నేను వచ్చి నా పని చక్కగా చేసి ఉంటే, ఆ నవ్వు అప్పుడే పోయేది, నాకు తెలిసేది కూడా కాదు. ఆయన బద్ధకమే ఆమెను కాపాడింది. ఒక ఫైలు ఏ ప్రోగ్రాంకీ అక్కర్లేదని కంప్యూటర్ చెప్పగలదు. ఏ మనిషికీ అక్కర్లేదని చెప్పలేదు. అది అడిగి తెలుసుకోవాలి. ఇప్పుడు ఏ దుకాణానికి వెళ్లినా తుడిచే ముందు అడుగుతున్నాను, కరెంటు పోయినప్పుడు మిగిలిపోయిన ఫొటోల్ని తెరిచి చూస్తున్నాను. పని రెట్టింపయింది, ఎవరూ చూడమనలేదు, చూసినందుకు ఎవరూ మెచ్చుకోరు. విసుక్కుంటూనే చూస్తున్నాను.

ఆ తర్వాతి వేసవిలో పామేడు వైపు ఒక బడి కంప్యూటర్ చూడటానికి వెళ్తుంటే దారి పక్కన రాళ్లు కనిపించాయి. బండి ఆపాను. ఆమె చెప్పినట్టే నాలుగింటి మీద ఒకే ముఖం, మీసాలతో, సూటిగా, కోపంగా చూస్తూ. ఐదోది కొత్తది. చారల చొక్కా, పక్కన ఎర్రకోడి, ముఖం ఎడమకు తిరిగి నవ్వుతోంది. అటు పక్క రాయి ఖాళీగా ఉంది, తెల్లరంగు తప్ప ఏమీ లేదు. దారిన పోయేవాళ్లు ఈ పెయింటరుకు ఈసారి ముఖం సూటిగా కుదరలేదనుకుంటారు. రాతి మీది మనిషి ఎవరివైపు చూసి నవ్వుతున్నాడో నాకు తెలుసు.